నెగటివ్ మీద పడిన ప్రతి చెయ్యీ తెరమీద కనబడుతుంది

మద్రాసులో నెగటివ్ కటింగ్ గదిలో, అంటే కెమెరాలో నడిచిన అసలు ఫిల్మును ఎడిటింగు ప్రకారం కోసి అతికించే గదిలో, చేరిన తొలి ఆరు నెలలు నాకు నెగటివ్ ముట్టుకునే అనుమతి లేదు. పనికిరాని ఫిల్ము ముక్కలు ఒక డబ్బా నిండా నా ముందు పెట్టి, వాటికి అతుకులు వేస్తూ కూర్చోమనేవారు మా గురువుగారు. సాయంత్రం వచ్చి, నేను వేసిన అతుకులను ఒక్కొక్కటిగా రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పి చూసేవారు. ఊడితే ఏమీ అనేవారు కాదు. ముక్కను బుట్టలో వేసి తరవాతది అందుకునేవారు. ఊడనివాటిని మాత్రం భూతద్దం కిందకు తీసుకువెళ్లి, అతుకు అంచు ఫ్రేము గీతను దాటిందో లేదో పరీక్షించేవారు. అతుకు గట్టిగా ఉండటం ఒక ఎత్తు, అది ప్రేక్షకుడి కంట పడకుండా ఉండటం మరొక ఎత్తు అని నాకు తెలిసివచ్చింది ఆ భూతద్దం దగ్గరే.

సినిమా బొమ్మ నాణ్యత అనగానే అందరికీ కెమెరా, లెన్సు, ఛాయాగ్రాహకుడి ప్రతిభ గుర్తుకొస్తాయి. అందులో తప్పేమీ లేదు. కానీ కెమెరా నుంచి బయటికి వచ్చి, కడిగి ఆరబెట్టిన క్షణంలో నెగటివ్‌లో ఉన్న వివరం ఎంతో, ఆ తరవాత ఎవరూ అంతకు మించి పెంచలేరు. ఎడిటింగు, నెగటివ్ కటింగు, గ్రేడింగు (ప్రతి షాటుకూ వెలుతురు, రంగు సరిచూడటం), ప్రింటింగు, ఈ నాలుగు పనులూ ఆ మొత్తంలోంచి ఎంత పోగొట్టకుండా తెరదాకా చేర్చామన్నదానితోనే కొలవవలసినవి. ఈ మధ్య కొందరు యువ దర్శకులు లఘుచిత్రాలను మళ్లీ ఫిల్ము మీద తీస్తూ, ఈ వివరాలు చెప్పమని ఆసక్తిగా అడుగుతున్నారు. వారి కోసమే నాకు చేతనైనంత వివరంగా రాస్తున్నాను.

మొదటి రక్షణ రష్ ప్రింటు. షూటింగు అయిన నెగటివ్‌ను కడిగి, దాని నుంచి ఒక పాజిటివ్ తీసి, నెగటివ్‌ను డబ్బాలో పెట్టి మూసేసేవాళ్లం. ఎడిటర్ కోసేదీ, అతికించేదీ, మనసు మార్చుకుని మళ్లీ విప్పేదీ, మూవియోలా అనే ఎడిటింగు యంత్రంలో వందసార్లు ముందుకూ వెనక్కూ తిప్పేదీ ఆ పాజిటివ్‌నే. దానిమీద గీతలు పడ్డా, గ్రీజు పెన్సిల్ మరకలైనా, నేలమీద పడి దుమ్ము అంటుకున్నా బాధ లేదు. ఎడిటింగు పూర్తయ్యాక, ఫిల్ము అంచున అడుగడుగుకూ ముద్రించి ఉండే నంబర్లను చూసుకుని, ఆ పాజిటివ్‌లోని ప్రతి షాటుకూ సరిపోయే నెగటివ్ ముక్కను వెతికి, అప్పుడు మాత్రమే కత్తెర పెట్టేవాళ్లం. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. 1990లో కోడాక్ ఆ నంబర్ల పక్కనే యంత్రం చదవగలిగే గీతల కోడ్ కూడా ముద్రించడం మొదలుపెట్టింది. ఆ తరవాత కంప్యూటర్ మీద ఎడిటింగ్ వచ్చి రష్ ప్రింటు చాలాచోట్ల కనుమరుగైపోయినా, ఈ అంచు నంబరే ఆధారం.

ఎడిటర్లు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. పాజిటివ్‌ను ఏ ఫ్రేము గీత మీదైనా కోసి టేపుతో అతికించవచ్చు. నెగటివ్‌కు వేసే అతుకు అటువంటిది కాదు. ఒక ముక్క అంచును మరో ముక్క మీదికి ఎక్కించి, సిమెంటు అనే ఫిల్ము జిగురుతో కరిగించి ఒకటి చేయడం. అలా ఎక్కించడానికి కావలసిన ఆ కొద్ది భాగం పక్క ఫ్రేములోంచే రావాలి. అంటే కోసిన ప్రతిచోటా పక్క ఫ్రేము చెడిపోతుంది. ఒకే టేకును రెండు ముక్కలు చేసి మధ్యలో వేరే షాటు పెట్టదలచుకుంటే, ఆ రెండు ముక్కల మధ్య కనీసం ఒక ఫ్రేమునైనా వదులుకోవాలి. రెండు వదిలితే మాకు నిశ్చింత. పాజిటివ్ మీద ఒక్క ఫ్రేము కూడా వదలకుండా కోసుకుని వచ్చిన ఎడిటర్‌తో నెగటివ్ గదిలో గంటల తరబడి వాదన జరిగిన రోజులు నాకు గుర్తున్నాయి. అలాగే ఫ్లాష్‌బ్యాక్ కోసం అదే షాటు రెండోసారి కావాలంటే, నెగటివ్ ఉన్నది ఒక్కటే కాబట్టి, రెండోచోటికి డూప్ నెగటివ్, అంటే నకలు నెగటివ్, తీయించక తప్పదు. అంటే ఆ షాటు రెండోసారి వచ్చినప్పుడు, దర్శకుడు కోరినా కోరకపోయినా, కాస్త మసకబారే వస్తుంది.

అతుకు వేయడాన్ని దగ్గరగా చూపిస్తాను. తెల్లటి నూలు చేతొడుగులు వేసుకుని, ఫిల్మును అంచులతోనే పట్టుకోవాలి. వేలి జిడ్డు ఎమల్షన్‌లోకి, అంటే ఫిల్ము మీద బొమ్మ నిలిచే పూతలోకి, ఇంకితే అది ప్రతి ప్రింటులోనూ మచ్చే. స్ప్లైసర్ అనే అతుకు పరికరం పళ్ల మీద ముక్కను కూర్చోబెట్టి, అంచున ఉన్న ఎమల్షన్‌ను సన్నటి పట్టీ మేరకు గీకేయాలి. తక్కువ గీకితే సిమెంటుకు బేస్, అంటే పూత కింది పారదర్శకమైన పట్టీ, అందదు, అతుకు నాలుగు ప్రింట్లకే విడిపోతుంది. ఎక్కువ గీకితే బేస్ పల్చబడి సరిగ్గా అక్కడే తెగుతుంది. గీకిన పొడిని మెత్తటి కుంచెతో తుడిచి, సిమెంటు ఒక్క పూత పూసి, రెండో ముక్కను దించి, కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. సిమెంటు ఎక్కువైతే పక్క ఫ్రేములోకి పాకి బొమ్మను తినేస్తుంది. అది గాలి తగిలితే చిక్కబడుతుంది గనక, పెద్ద సీసాలోంచి రోజూ పొద్దున ఒక చిన్న సీసాలోకి కొద్దిగా వంపుకుని, సాయంత్రానికి మిగిలింది పారేసేవాళ్లం. నిర్మాత ఎంత పొదుపరి అయినా ఆ సిమెంటు దగ్గర మాత్రం మా గురువుగారు ఎవరి మాటా వినేవారు కాదు.

దాదాపు చతురస్రంగా ఉండే మామూలు బొమ్మ రోజుల్లో ఈ అతుకు దాగడానికి చోటు ఉండేది. ఒక ఫ్రేముకు కేటాయించిన ఎత్తు 19 మిల్లీమీటర్లు. బొమ్మ తీసుకునేది సుమారు 16. మిగిలిన 3 మిల్లీమీటర్ల నల్లటి గీతలో అతుకు హాయిగా ఒదిగిపోయేది. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగులో సినిమాస్కోప్ వచ్చాక పరిస్థితి మారింది. స్కోప్‌లో కెమెరా తీసే బొమ్మ ఎత్తు సుమారు 18.6 మిల్లీమీటర్లు, రెండు ఫ్రేముల మధ్య మిగిలేది అర మిల్లీమీటరుకు లోపే. అతుకు ఎంత సన్నగా వేసినా బొమ్మలోకి రాకతప్పదు. ప్రొజెక్టర్ గేటు ప్లేటు పైనా కిందా కాస్త కప్పేస్తుంది కాబట్టి సన్నటి అతుకు మంచి థియేటర్‌లో బయటపడదు. ప్లేటు రంధ్రం పెద్దదైపోయిన థియేటర్‌లో మాత్రం, షాటు మారిన ప్రతిసారీ తెర అంచున ఒక గీత తళుక్కుమని పోతుంది. ఆ మెరుపును కళ్లు పట్టుకున్నాయని ప్రేక్షకుడికి తెలియదు గానీ, పది నిమిషాలకే అలసట మొదలవుతుంది.

దీనికి సరైన విరుగుడు ఏ, బీ రోల్స్. ఒక షాటు ఏ రోల్‌లో, తరవాతి షాటు బీ రోల్‌లో పెట్టి, ఖాళీ వచ్చినచోట బొమ్మ లేని నల్లటి ఫిల్ము, అంటే లీడరు, నింపుతారు. అతుకు ఎప్పుడూ నలుపు వైపునే పడుతుంది కాబట్టి ప్రింటులోకి రాదు. 16 మిల్లీమీటర్ల ఫిల్ములో ఫ్రేముల మధ్య చోటే ఉండదు గనక అక్కడ ఇది తప్పనిసరి అలవాటు. స్కోప్‌లోనూ చేయవచ్చు. కానీ ఒకే ప్రింటు ఫిల్మును ప్రింటర్‌లో రెండుసార్లు నడిపించాలి. విడుదల తేదీ నెత్తిమీద ఉండి, ప్రింట్లు పదుల సంఖ్యలో కావలసినచోట ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఫిల్ము మీద లఘుచిత్రాలు తీస్తున్నవారికి నా సలహా ఒక్కటే: మీకు కావలసింది రెండు మూడు ప్రింట్లే కాబట్టి ఏ, బీ రోల్స్‌కు వెనుకాడకండి.

అందులో మరో లాభం కూడా ఉంది, అది డిజాల్వ్‌ల విషయం. ఒక దృశ్యం కరుగుతూ మరో దృశ్యంలోకి వెళ్లేచోట పాత సినిమాల్లో ఏం జరుగుతుందో గమనించండి. అంతవరకూ నిగనిగలాడిన బొమ్మ డిజాల్వ్ మొదలవడానికి ముందే ఒక్కసారి గరుకెక్కుతుంది. ఆకాశంలో ఇసుక రేణువుల్లా గ్రెయిన్ కదులుతుంది, ముఖాల్లో ఛాయలు గట్టిపడతాయి. ఆ షాటు అసలు నెగటివ్ కాదు. నెగటివ్ నుంచి ఇంటర్‌పాజిటివ్ అనే మధ్యంతర పాజిటివ్, దాని నుంచి లెన్సు గుండా బొమ్మను మళ్లీ తీసే ఆప్టికల్ ప్రింటర్‌లో డూప్ నెగటివ్ తీసి మధ్యలో అతికించినది. దస్తావేజుకు జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు తీసినట్టే. ఇంటర్మీడియట్ ఫిల్ముకు గ్రెయిన్ చాలా సన్నం, దాని కాంట్రాస్టు ఎంత అందుకుంటే అంతే తిరిగి ఇచ్చేలా ఒకటి దగ్గర ఉంచుతారు. అయినా మరో లెన్సు గుండా, రెండు ఫిల్ముల గుండా, రెండు కడగడాల గుండా వెళ్లిన బొమ్మ కొంత కోల్పోకుండా రాదు. 2 సెకన్ల డిజాల్వ్, అంటే 48 ఫ్రేములు, మాత్రమే డూప్ తీసి మిగతా షాటు అసలు నెగటివ్‌లోనే ఉంచితే షాటు మధ్యలో బొమ్మ రంగు ఎగిరిపడినట్టవుతుంది. రెండు షాట్లూ మొదటి నుంచి చివరిదాకా డూప్ తీస్తే ఎగురు ఉండదు గానీ మసక అంతటా పరుచుకుంటుంది. మా గురువుగారు రెండోదే మేలనేవారు. నేనూ అదే నమ్ముతాను. మార్పు కట్ దగ్గర జరిగితే కన్ను క్షమిస్తుంది, షాటు మధ్యలో జరిగితే క్షమించదు. ఏ, బీ రోల్స్ ఉంటే ఈ తంటానే లేదు: ప్రింటర్‌లోని ఫేడర్ ఒక రోల్ మీద వెలుతురు తగ్గిస్తూ, రెండోసారి నడిపేటప్పుడు మరో రోల్ మీద పెంచుతూ, అసలు నెగటివ్ నుంచే డిజాల్వ్‌ను ప్రింటు చేస్తుంది. 16, 24, 32, 48, 64, 96 ఫ్రేముల పొడవుల్లో అది దొరుకుతుంది. ఆ పొడవుల్లో ఇమిడేలా ఎడిటింగు టేబుల్ దగ్గరే నిర్ణయించుకుంటే చాలు.

ఇక దుమ్ము, గీతల సంగతి. నెగటివ్ మీద ఉన్న దుమ్ము వెలుతురును ఆపుతుంది గనక ప్రింటులో తెల్లటి చుక్కగా వస్తుంది. ప్రింటు మీద కూర్చున్న దుమ్ము తెరమీద నల్లగా కనబడుతుంది. తెరమీద మచ్చను చూసి అది ఎక్కడిదో చెప్పడానికి ఇదే మొదటి ఆనవాలు. కలర్ ప్రింటు ఎమల్షన్ మీద పైపై గీత పడితే ఆకుపచ్చగా, లోతుకు వెళితే పసుపుగా, అడుగుదాకా తెగితే తెల్లగా కనబడుతుంది. ఊళ్లలో ఆడి ఆడి ‘వాన పడుతున్న’ ప్రింట్లను చూసినవారికి ఆ ఆకుపచ్చ గీతలు బాగా తెలుసు. ఆ ప్రింటును మార్చవచ్చు. నెగటివ్‌ను మార్చలేము.

నా చేతిమీదుగా జరిగిన ఒక నష్టం చెప్పాలి. చేరిన రెండో ఏడాది, ఒక పాట రీలును రివైండర్ మీద చుడుతుండగా చుట్ట వదులుగా వచ్చిందనిపించి, చివర పట్టుకుని గుంజి బిగించాను. బట్టలమూటను బిగించినంత తేలికగా చేసిన పని అది. చుట్టలో ఒక పొర మరో పొర మీద జారి, మధ్యలో చిక్కుకున్న నలుసులు అడుగుల కొద్దీ ఫిల్మును సన్నగా గీశాయి. వదులుగా వచ్చిన చుట్టను మొదటి నుంచి విప్పి, సమానమైన బిగువుతో నిదానంగా మళ్లీ చుట్టుకోవాలే తప్ప ఎన్నడూ గుంజకూడదు. ఆ రాత్రి భూతద్దంతో రీలంతా చూసి, గీతలు బేస్ వైపునే ఉన్నాయని నిర్ధారించుకున్నాక మా గురువుగారు అన్న మాట ఇది: “అబ్బాయ్, దేవుడు నీ వైపున ఉన్నాడు. ఎమల్షన్ వైపు అయ్యుంటే ఈ పాటను మళ్లీ తీయాల్సిందే.”

బేస్ వైపు గీత కనబడటానికి కారణం, అక్కడ వెలుతురు సూటిగా పోకుండా పక్కలకు చెదరడమే. ఆ గీతను బేస్‌తో దాదాపు సమానమైన వక్రీభవన గుణకం ఉన్న ద్రవంతో నింపితే వెలుతురుకు గీత ఉన్నట్టే తెలియదు. వెట్ గేట్ ప్రింటింగు చేసేది అదే. పర్‌క్లోరోఎథిలీన్ అనే ద్రవంలో నెగటివ్ మునిగి ఉండగానే ప్రింటు తీస్తారు; బయటికి రాగానే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు, యంత్రం నెమ్మదిగా నడుస్తుంది, ఖర్చు ఎక్కువ. అయినా ఆ పాటను అలాగే ప్రింటు చేయించారు, ఆ ఖర్చు నా జీతంలో కోయలేదు. తెరమీద ఒక్క గీతా కనబడలేదు. ఎమల్షన్ వైపు లోతుగా పడిన గీతకు మాత్రం ఏ ద్రవమూ పనిచేయదు; అక్కడ పోయింది రంగే.

ప్రింటింగులో చాలామందికి తెలియని ఒక సున్నితమైన ఏర్పాటు ఉంది, అది నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే. కాంటాక్ట్ ప్రింటర్‌లో నెగటివ్, ముడి ప్రింటు ఫిల్ము, ఎమల్షన్‌కు ఎమల్షన్ ఆన్చుకుని పళ్లచక్రం మీద కలిసి తిరుగుతాయి. లోపల ఉండేది నెగటివ్, బయట ఉండేది ప్రింటు ఫిల్ము. వంపు మీద లోపలి దారి పొట్టి, బయటి దారి పొడుగు. రెండింటి అంచు రంధ్రాలూ ఒకే దూరంలో ఉంటే ఏదో ఒకటి జారకతప్పదు, జారిన ప్రతిసారీ బొమ్మ అంచులు చెదురుతాయి. అందుకే నెగటివ్ ఫిల్ములో రంధ్రానికీ రంధ్రానికీ దూరం 4.740 మిల్లీమీటర్లు, ప్రింటు ఫిల్ములో 4.750. ఆ నూరోవంతు మిల్లీమీటరు తేడా మీదే బొమ్మ పదును ఆధారపడి ఉంది. పాత నెగటివ్ కుంచించుకుపోతే ఈ లెక్క తప్పుతుంది. మామూలు ప్రింటర్ మీదికి దాన్ని ఎక్కించకూడదు అనేది అందుకే.

గ్రేడింగు గురించి ఒక్క మాటే చెబుతాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురులను 1 నుంచి 50 దాకా పాయింట్లతో హెచ్చించి తగ్గించవచ్చు, మధ్యస్థంగా 25. కెమెరా దగ్గర ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపో సగమో అయినంత, తేడా వస్తే ఇక్కడ సుమారు 7, 8 పాయింట్లు మారుతుంది. పల్చని నెగటివ్‌ను పాయింట్లు దించి వెలిగించవచ్చు గానీ నలుపు నలుపుగా రాదు, బూడిద తేలుతుంది. నిండైన నెగటివ్‌ను పాయింట్లు పెంచి ప్రింటు చేస్తే చీకటి చీకటిగా, నల్లచీర నల్లగా నిలుస్తుంది. గ్రేడర్ ఎంత నేర్పరి అయినా, లేబొరేటరీలో మందునీళ్లు రోజుకో తీరుగా ఉంటే ఆ పాయింట్లకు అర్థం లేదు. కోడాక్‌కు చెందిన జాన్ పిట్‌లాక్ రూపొందించిన లాడ్ పద్ధతి దీనికే: తెలిసిన బూడిదరంగు ముక్కను ప్రతిసారీ ప్రింటు చేసి, దాని సాంద్రత ఎరుపులో 1.09, ఆకుపచ్చలో 1.06, నీలంలో 1.03 దగ్గర ఉందో లేదో కొలుస్తారు. కొలత తప్పితే ముందు యంత్రాన్నీ, మందునూ సరిచేయాలి. బొమ్మను సరిదిద్దబోకూడదు.

ఇంత జాగ్రత్త పడి, చివరికి మన పరిశ్రమ చేసిన పని నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. విడుదల ప్రింట్లన్నీ అసలు నెగటివ్ నుంచే తీసేవాళ్లం. బొమ్మ నాణ్యత పరంగా అది ఎంతో గొప్పది, మొదటి తరం ప్రింటు అంత నిగారింపు డూప్ నుంచి రాదు. కానీ ప్రతి ప్రింటుకూ ఆ నెగటివ్ ప్రింటర్ గుండా మరోసారి వెళ్లాలి. సినిమా ఎంత బాగా ఆడితే నెగటివ్ అంత అరిగిపోయేది. ముందుగా ఒక మంచి ఇంటర్‌పాజిటివ్ తీసి దాచి ఉంటే చాలు, ఆ నెగటివ్ ఏమైనా ఆధారం మిగిలేది. ముడి ఫిల్ము ఖర్చుకు వెనుకాడి చాలామంది ఆ పని చేయలేదు. తెగిన చోటల్లా ప్రింటు నుంచి డూప్ తీసి అతికించి నడిపించారు.

కొన్ని నెలల కిందట, నేను ఎనభైల్లో కోసిన ఒక సినిమా నెగటివ్‌ను స్కాన్ చేయడానికి తీసి, అతుకులు చూసిపెట్టమని నన్ను పిలిచారు. డబ్బా మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన లీలగా తగిలింది. అసిటేట్ బేస్ చెడిపోవడం మొదలైందన్నమాట. మూడో రీలు మధ్యలో రెండు షాట్లు మసకగా, కాంట్రాస్టు గట్టిపడి ఉన్నాయి. అవి నేను పెట్టినవి కావు, ఎప్పుడో తెగిన నెగటివ్ స్థానంలో ప్రింటు నుంచి తీసి పెట్టిన డూప్‌లు. అసలు ముక్కలు ఎక్కడా దొరకలేదు. మిగిలిన రీలు పొడవునా ఉన్నవి నా అతుకులే. నాలుగు ఊడి ఉన్నాయి. ఆ నాలుగింటినీ గీకి, కొత్త సీసా సిమెంటుతో మళ్లీ వేసి, ఆరాక ఒక్కొక్కదాన్నీ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెలితిప్పి చూశాను.